కుందేళ్లతో కర్నూలు నుండి నిజామాబాదుకు

కర్నూలు నుండి నిజామాబాదుకు నివాసం మార్చవలసి వచ్చినప్పుడు సామాను గురించి మాకు చింత లేదు. పిల్లలు పెంచుకున్న కుందేళ్ల జంట గురించే ఆలోచన. 400 కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరం, అదీ వేసవిలో. కుందేలుకు చెమట పట్టదు; ఒంటివేడి చాలావరకు చెవుల గుండానే బయటికి పోతుంది. కనుక ఫజ్ర్ నమాజు కాగానే కారులో బయలుదేరాము. రెండింటినీ ఒకే బుట్టలో ఉంచాము. విడదీస్తే బెదురు ఎక్కువవుతుంది. సామానుతోపాటు లారీలో పంపమన్న వారూ ఉన్నారు. మూగజీవి బల్లా, కుర్చీ కాదు గదా!

తుంగభద్ర దాటాము, బీచుపల్లి వద్ద కృష్ణ దాటాము. అవి నీళ్లు తాగాయి గాని గడ్డి ముట్టలేదు. కుందేలు బాధను దాచుకునే జీవి. మేత మానడమే దాని ఫిర్యాదు. సగం రోజు ఏమీ తినకుంటే పేగుల కదలిక మందగించి ప్రాణానికే ముప్పు రావచ్చు. జడ్చర్ల వద్ద చెట్టునీడలో బండి ఆపి, తడిగుడ్డతో చెవులు తుడిచి, వాటికి అలవాటైన ఎండుగడ్డినే వేశాము. ప్రయాణంలో కొత్త మేత పెట్టరాదు. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆడకుందేలు ఒక పరక లాగింది. మగది మాత్రం హైదరాబాదు దాటినా, మేడ్చల్ దాటినా ముట్టలేదు.

డిచ్‌పల్లి సమీపిస్తుండగా బుట్టలో రెండు నోళ్లు నమిలే చప్పుడు వినిపించింది. అంతవరకు కునుకు తీయని మా చిన్నవాడు అప్పుడు నిద్రపోయాడు.