సొమ్మెచ్చట దాచుకొందము?

దాచుటయందు గృహిణులకు గల నేర్పు సామాన్యమైనది కాదు. బియ్యపు కుండలోను, పోపుల డబ్బాలోను, పట్టుచీర మడతలలోను మన తల్లులు దాచిన రూపాయలు ఎన్ని యిండ్లను ఆపదలనుండి గట్టెక్కించినవో చెప్ప నలవి కాదు. కాని కుండలో దాచదగిన సొమ్ము వేరు, కుండలో పట్టని సొమ్ము వేరు. ఆ రెండవది చేతికి వచ్చిననాడు నేర్పు మాత్రము చాలదు, విచారణ కావలెను. అట్టి విచారణ మాకు తటస్థించినది గనుక, తెలిసికొన్న సంగతులను సోదరీమణులకు విన్నవించుకొనుచున్నాము.

మాది పెర్కిట్. ఆర్మూరు ప్రక్కన, నాగపూరునుండి హైదరాబాదునకు పోవు పెద్దబాట మీదనున్న యూరు. చలికాలము చివర ఇచ్చటి గాలియందు ఉడికిన పసుపు వాసన నిండియుండును. కల్లములలో ఆరబోసిన కాడి, గోళ ఒకవంక; అరుగులమీద చేటలు ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టు స్త్రీలు మరియొకవంక. మా యింటివారు బడిపంతులు. మా తండ్రిగారు చిన్ననాట మాకు ఇంటియందే భారత భాగవతములును, కొంత ధర్మశాస్త్రమును చెప్పించిరి. కాని బ్యాంకు మంచిదో చెడ్డదో నిర్ణయించు పద్ధతి ఆ గ్రంథములలో మాకెచ్చటను కనబడలేదు.

నిరుడు మా తల్లిగారు పరమపదించిరి. ఆమె గాజులమ్మగా వచ్చినదియు, పసుపు పంటమీద ఆమె యేటేట మిగిల్చినదియు కలిసి 6 లక్షల రూపాయలు మాకు సంక్రమించినవి. తల్లి యిచ్చిన ధనము మనువు చెప్పిన ఆరు విధముల స్త్రీధనములలో నొకటి. దుర్భిక్షమునందు, ధర్మకార్యమునందు, వ్యాధియందు, నిర్బంధమునందు తీసికొన్నదానిని మాత్రమే భర్త తిరిగి యీయనక్కరలేదని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. ఈ నాలుగును గాక, స్త్రీధనము పోవుటకు ఐదవ మార్గమొకటి నేడు కలదని మాకు మా పొరుగింటి యామె వలన తెలిసినది.

ఆమె వితంతువు. ఇరువదియేండ్లు బీడీలు చుట్టి, పని మానుకొన్నప్పుడు చేతికి వచ్చిన పీఎఫ్ సొమ్ములో 1,40,000 రూపాయలు ఒక పొదుపు సంఘములో వేసినది. అచ్చట మిత్తి ఎక్కువ. గుమాస్తా యింటికి వచ్చి సొమ్ము తీసికొనిపోవును; పాసుబుక్కు ఎర్రని అట్టతో ముచ్చటగా నుండును. కొంతకాలమునకు గుమాస్తా వచ్చుట మానెను. తరువాత తలుపునకు తాళము పడెను. కూతురి పెండ్లికని దాచిన సొమ్ము అది. మేము పరామర్శింపబోగా ఆమె కంట నీరు పెట్టుకొనక, “బోర్డు మీద బ్యాంకని రాసి ఉండె గద, పంతులమ్మా! నాకేమెరుక?” అనినది. ఆ మాట మమ్ము చాల దినములు విడువలేదు. ఆమెకే కాదు, మాకును ఎరుక లేదు గదా!

మా సొమ్ము సంగతి వచ్చినప్పుడు మా యింటివారు, “జీతము పడు బ్యాంకు ఉండగా వేరొకటి యెందులకు?” అనిరి. మేము ఇట్లు చెప్పితిమి: “ఈ సొమ్ము ఈ నేలనుండి వచ్చినది. ఇచ్చటి రైతునకు అప్పుగా పోయి మరల వచ్చిన మేలు గదా? జిల్లా సహకార బ్యాంకును గూర్చి విచారించి చూతము. అది నమ్మదగినది కానిచో మీ మాటయే నిలుచును.” వారు నవ్వి, “యక్షప్రశ్న లన్నియు అడిగి రమ్ము” అని యొప్పుకొనిరి.

సహకార పరపతి యనునది నిన్న నేడు పుట్టినది కాదు. జర్మనీదేశమున రైఫైజెన్ అను గ్రామాధికారి, వడ్డీవర్తకుల పాలబడిన కృషీవలుల దుస్థితి చూచి, 1864లో హెడ్డెస్‌డోర్ఫ్ అనుచోట పరపతి సంఘమును స్థాపించెను. ఒక యూరివారే సభ్యులు. ఒకరి నడవడి మరియొకరికి తెలియును. ఒకరి అప్పునకు అందరును పూచీ. మద్రాసు రాజధానిలో ఉద్యోగియైన ఫ్రెడరిక్ నికల్సన్ ఐరోపాలోని యిట్టి సంఘములను పరిశీలించి నివేదిక వ్రాసెను. 1904లో మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. పొరుగువానిని పొరుగువాడెరుగుటయే ఈ సంఘములకు పునాది. ఈ మాట చదువరులు మరువకుందురు గాక. ఇందలి బలమును, బలహీనతయు అందే యున్నవి.

మేము విచారించిన మొదటి సంగతి యేమన, మన యూళ్ళలో సహకారమను పేరుతో నుండు తలుపులు మూడు విధములు. జనులు సింగిల్ విండో అనియు సొసైటీ యనియు పిలుచు ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘ మొకటి. దానికి పైది నిజామాబాదు జిల్లా సహకార కేంద్ర బ్యాంకు. ఆపైన రాష్ట్ర సహకార బ్యాంకు. ఈ వరుసలో చేరక, సభ్యులనుండి పొదుపు గైకొని వారికే అప్పులిచ్చు సంఘములు మూడవవి. మూడింటిలోను పాసుబుక్కు ఇత్తురు. మూడింటిలోను రసీదు ఇత్తురు. చూచుట కొక్కటే, లోపల భేదము భూమ్యాకాశములంత.

ఆ భేదమును తెలుపు ప్రశ్న యొక్కటే: “ఇచ్చటి డిపాజిట్లకు బీమా కలదా?”

1960లో కేరళమున పాలై సెంట్రల్ బ్యాంకు కూలిన పిదప మన దేశములో డిపాజిట్ల బీమా ఏర్పడినది. 1962 జనవరి 1వ తేదీన ఆరంభమైనపుడు దాని పరిమితి మనిషికి 1,500 రూపాయలు. 1993లో లక్ష అయినది. 2020 ఫిబ్రవరి 4 నుండి 5 లక్షలు. ఇందుకు కట్టవలసిన ప్రీమియము బ్యాంకే చెల్లించును, మనమేమియు ఈయనక్కరలేదు. జిల్లా సహకార బ్యాంకులకును, పట్టణ సహకార బ్యాంకులకును ఈ బీమా వర్తించును. గ్రామములలోని ప్రాథమిక సంఘములకుగాని, రిజర్వు బ్యాంకు లైసెన్సు లేని పొదుపు సంఘములకుగాని వర్తించదు. లైసెన్సులేని సహకార సంఘములు తమ పేరులో బ్యాంకు అను మాట వాడరాదని రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో ప్రజలను హెచ్చరించినది. మా పొరుగింటి యామె నమ్మినది ఆ ఒక్క మాటనే!

బీమా యున్నంతమాత్రమున చింతలేదని తలపరాదు. ముంబయిలోని పంజాబ్ అండ్ మహారాష్ట్ర సహకార బ్యాంకుపై 2019 సెప్టెంబరులో ఆంక్షలు పడినపుడు, ఖాతాదారులు ఆరునెలలకు గాను తీసికొనదగినది మొదట వేయి రూపాయలే. తరువాత ఆ పరిమితి పెరిగినది. 2022 జనవరిలో ఆ బ్యాంకు వేరొక బ్యాంకులో కలిసినది. సొమ్ము తుదకు వచ్చుట వేరు, అక్కరకు వచ్చుట వేరు. ఆసుపత్రిలో కట్టవలసిన సొమ్ము మరుసటి యేట వచ్చిన నేమి ఫలము? ఇట్టి సమయములలో బీమా సొమ్ము 90 దినములలో అందవలెనని 2021లో చట్టమును సవరించిరి. అయినను ఆ 90 దినములు గడుపుటకు వేరొకచోట కొంత సొమ్ముండవలెను.

రెండవ ప్రశ్న, “మేమిచ్చట ఖాతాదారులమా, సభ్యులమా?” అనునది. డిపాజిటు మనకు బ్యాంకు పడిన బాకీ. వాటాధనము అట్లు కాదు. సంఘములో వాటా తీసికొన్నవారు దానికి యజమానులలో నొకరు. వంద రూపాయల వాటా గలవారికిని, పదివేల వాటా గలవారికిని ఓటొక్కటే. లాభనష్టములలోను పాలుండును, వాటాధనమునకు బీమా లేదు. కావున “ఇదియు డిపాజిటు వంటిదేనమ్మా” అని యెవరైన చెప్పినచో, చదువక సంతకము చేయరాదు.

మూడవ ప్రశ్న అప్పును గూర్చినది. ఇచ్చట మా తమ్ముని లెక్క చెప్పుదుము. పసుపు తొమ్మిది నెలల పైరు. విత్తనమునకు, ఎరువునకు, కూలికి లక్ష రూపాయలు షావుకారు వద్ద నూటికి నెలకు రెండు రూపాయల మిత్తికి తెచ్చినచో తొమ్మిది నెలలకు 18,000 అగును. సహకార సంఘము ద్వారా వచ్చు పంట అప్పునకు సాలుకు నూటికి 7 వంతున 5,250. గడువులోపల తీర్చినవారికి కేంద్రప్రభుత్వపు తగ్గింపు వలన నూటికి 4 వంతున 3,000 మాత్రమే. ఆ 15,000 రూపాయల తేడా ఒక బాలిక కళాశాల చదువునకు తోడగును. కావున సంఘమునకు బీమా లేదని మేమనుట దానిని నిందించుట కాదు. అప్పు తెచ్చుకొనుటకు సంఘము ఉత్తమము. ఆయుష్కాలపు పొదుపు దాచుటకు బీమాగల బ్యాంకు ఉత్తమము. ఒక్కొక్క పాత్ర కొక్కొక్క పని. పాలకుండలో మజ్జిగ తోడుబెట్టి పాలను నిందించుట న్యాయము కాదు.

ఈ మూడు ప్రశ్నలతో మేము జిల్లా బ్యాంకు శాఖకు వెళ్ళితిమి. అది రిజర్వు బ్యాంకు లైసెన్సు గల బ్యాంకనియు, నాబార్డు వారు తనిఖీ చేయుదురనియు, డిపాజిట్లకు బీమా కలదనియు తెలిసికొంటిమి. నోటిమాటతో తృప్తిపడక, బీమా సంస్థ ప్రకటించు బ్యాంకుల జాబితాను మా యింటివారిచేత చూపించితిమి. అసలును వడ్డీయు కలిపియే 5 లక్షలనియు, ఒకే బ్యాంకునందలి అన్ని శాఖల ఖాతాలును కలిపి లెక్కింతురనియు, భార్య పేరనున్నదియు భర్త పేరనున్నదియు వేర్వేరుగా లెక్కకు వచ్చుననియు అప్పుడే మాకు తెలిసినది.

ఇక బలహీనత సంగతి. జిల్లా సహకార బ్యాంకు సొమ్ములో విశేషభాగము జిల్లాలోని కృషీవలుల చేతిలోనే యుండును. మా తమ్ముని పంట పసుపు. మా ఇరుగుపొరుగుల బ్రతుకు పసుపు. ధర పడిపోయిన యేడు అప్పులు తీరవు, కొత్త డిపాజిట్లు రావు. 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రముగా జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైనది. దానివలన ధర నిలుచునని మా రైతుల ఆశ. ఆశ మంచిదే. కాని మా యింటి అన్నమును, మా ఆపద సొమ్మును ఒకే పసుపుకొమ్మునకు కట్టివేయుట వివేకము గాదు. పొరుగువానిని పొరుగువాడెరుగుట ఎంత బలమో, అందరును ఒకే వానను నమ్ముకొనుట అంత బలహీనత.

అట్లని సహకారమున నమ్మకము వదలుకొనరాదు. పూర్వపు కరీంనగరు జిల్లాలోని ముల్కనూరులో 1956లో స్థాపింపబడిన సహకార గ్రామీణ సంఘము నేటికిని నిలిచియున్నది. ఆ ప్రాంతపు స్త్రీలే యజమానులుగా నడపుకొనుచున్న పాల సహకార సంఘమును కలదు. లెక్కలు వెలుతురులో నుంచి, సభ్యులు సభకు వచ్చి ప్రశ్నించుచోట సహకారము వర్ధిల్లును. సభ్యులు ఇంట కూర్చుండి గుమాస్తాను నమ్ముచోట నశించును. మా పొరుగింటి యామె చేరిన సంఘములో ఒక్కనాడైన సభ జరిగెనో లేదో ఆమె యెరుగదు.

తుదకు మేము చేసినది చెప్పుదుము. 6 లక్షలలో 4 లక్షలు జిల్లా సహకార బ్యాంకున మా పేర వేసితిమి. వడ్డీ పెరిగినను కొన్నియేండ్లు పరిమితి దాటదు. లక్షన్నర జీతము పడు బ్యాంకులో మా పేరనే వేరుగా ఉంచితిమి. మిగిలిన 50,000 కేంద్రప్రభుత్వపు పూచీగల పోస్టాఫీసులో వేసితిమి. మూడింటను నామినీగా మా కుమార్తె పేరు వ్రాయించి, రసీదుల నకళ్ళు ఆమెకు చూపితిమి. మా యింటివారు లెక్క చూచి, “ప్రశ్నలు నీవడిగితివి, పాఠము నాకైనది” అనిరి.

మొన్న పొరుగింటి యామె బీడీల సొమ్ములో మిగిల్చిన 2,000 రూపాయలు చెంగున ముడివేసుకొని వచ్చి, తోడు రమ్మనినది. బ్యాంకులో మేము నోరు విప్పకమునుపే ఆమె బల్లమీద చేయివేసి, “సారూ, గీడ పైసలకు బీమా ఉన్నదా?” అని యడిగినది. ఆ యుద్యోగి కలదని చెప్పి, వివరించెను. ఆమె అంతయు విని, మరియొకమారు చెప్పించుకొని, అప్పుడు ముడి విప్పినది. పోయిన 1,40,000 ఆమెకు రాలేదు. వచ్చునన్న ఆశయు ఆమెకు లేదు. కాని ఆ ప్రశ్న అడుగ నేర్చినది.

సోదరీమణులారా! మీ పొదుపు ఎచ్చటనున్నదో ఈ మాసమున ఒకమారు పాసుబుక్కు తీసి చూచుకొనుడు. ఆ ప్రశ్నను మీరును అడుగుడు. అడిగినందులకు విసుగుకొనిన చోట ఒక్క రూపాయియు ఉంచకుడు.