నంద్యాలలో ఒక్కో ప్రశ్నకు 36 సెకన్లు

రాయలసీమలో డిగ్రీ పూర్తయిన పిల్లలున్న ఇంటికి చుట్టాలొస్తే తప్పకుండా అడిగే మాట ఒకటుంది: “నంద్యాలకు పంపినారా?” అడిగేది మహానంది దర్శనం గురించి కాదు, బ్యాంకు కోచింగ్ గురించి. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రం కావడానికి చాలా ముందే ఈ ఊరికి ఆ పేరు స్థిరపడింది. అనంతపురం, కడప, ప్రకాశం జిల్లాల నుంచే కాదు, శ్రీకాకుళం నుంచి, తెలంగాణ నుంచి కూడా పిల్లలు పెట్టె సర్దుకుని ఇక్కడికి వస్తారు. బ్యాంకు క్లర్కు పరీక్ష అంటే ఏమిటో, మామూలు డిగ్రీ చదివిన పిల్లలు దాన్ని ఎట్లా దాటుతున్నారో దగ్గరుండి చూడాలని ఇక్కడికి వచ్చాను.

పొద్దున ఉగ్గాని, బజ్జీ అమ్మే బండ్ల దగ్గరే ఊరి సంగతి తెలిసిపోతుంది. ప్లేటు ఒక చేతిలో, కరెంట్ అఫైర్స్ పుస్తకం మరో చేతిలో పట్టుకున్న పిల్లలు కనిపిస్తారు. చుట్టూ హాస్టళ్లు, మెస్సులు, జిరాక్స్ షాపులు. గోడల మీద ఉద్యోగాలొచ్చిన వాళ్ల ఫొటోలు. ఆడపిల్లలు సగానికి తక్కువ లేరనిపించింది. పెళ్లికి ముందు ఒక ఉద్యోగం చేతిలో ఉండాలని తల్లులే పట్టుబట్టి పంపుతున్నారని హాస్టల్ వార్డెన్ చెప్పింది. ఆ మాట విని సంతోషం వేసింది.

నేను కూర్చున్న మొదటి క్లాసు లెక్కలది. పెద్ద హాలు, చివరి బెంచీ దాకా పిల్లలే. సార్ బోర్డు మీద అయిదు అంకెలు రాశారు: 7, 8, 18, 57, 232. తర్వాత ఏమొస్తుంది? నేను కాగితం తీసేలోపే ముందు వరుసలోంచి ఒకమ్మాయి “1165 సార్” అంది. ఒకటితో గుణించి ఒకటి కలపాలి, రెండుతో గుణించి రెండు కలపాలి, అట్లా అయిదు దాకా. 232ను అయిదుతో గుణించి అయిదు కలిపితే 1165. కిటుకు తెలిశాక ఎవరైనా చేయగలరు. కానీ ఆ కిటుకును పది సెకన్లలో కనిపెట్టాలి.

తర్వాత 648లో 37.5 శాతం ఎంత అని అడిగారు. నా పక్కన కూర్చున్న అబ్బాయి కొత్తగా చేరినవాడు. 648ని 37.5తో గుణించి, వందతో భాగించడం మొదలుపెట్టాడు. బడిలో, కాలేజీలో అందరం నేర్చుకున్న పద్ధతే అది. సార్ వాడి దగ్గరికి వచ్చి నోట్సు మీద చెయ్యి పెట్టి ఆపారు. “నాయనా, ముప్పై ఏడున్నర శాతమంటే ఎనిమిదిలో మూడు భాగాలు. 648ని ఎనిమిదితో భాగిస్తే ఎంత?” “81 సార్.” “దాన్ని మూడుతో గుణించు.” “243.” “అయిపోయిందిగా. పెన్ను ఎందుకు?” హాలు గోడ మీద పన్నెండున్నర శాతం అంటే ఎనిమిదో వంతు, 14.28 శాతం అంటే ఏడో వంతు అని పెద్ద పట్టిక రాసి ఉంది. అన్నం తినేటప్పుడు కూడా అది కళ్లముందు కదలాలని సార్ అన్నారు. వర్గాలు 30 దాకా, ఘనాలు 20 దాకా, ఎక్కాలు 25 దాకా అప్పజెప్పించుకుంటారు. డిగ్రీ పట్టా ఉన్న పిల్లలు గొంతెత్తి ఎక్కాలు చదువుతుంటే మొదట వింతగా ఉంటుంది. ఆ పరీక్ష లెక్క తెలిశాక వింతేమీ ఉండదు.

ఆ లెక్క ఇది. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో క్లర్కుల ఎంపిక పరీక్షను ఐబీపీఎస్ అనే సంస్థ జరుపుతుంది. స్టేట్ బ్యాంకు మాత్రం తన పరీక్ష తానే పెట్టుకుంటుంది. మొదటి మెట్టు ప్రిలిమ్స్. ఇంగ్లిష్‌లో 30 ప్రశ్నలు, న్యూమరికల్ ఎబిలిటీలో 35, రీజనింగ్‌లో 35. మొత్తం వంద ప్రశ్నలకు గంట, అంటే ప్రశ్నకు 36 సెకన్లు. ఒక్కో విభాగానికి 20 నిమిషాలే. ఇంగ్లిష్‌లో మిగుల్చుకున్న సమయాన్ని లెక్కలకు వాడుకోవడానికి లేదు, గడువు కాగానే తెర దానంతటదే మారిపోతుంది. మూడు విభాగాల్లోనూ కటాఫ్ దాటాలి. ఇంత చేసినా ప్రిలిమ్స్ మార్కులు ఎంపికలో కలవవు, మెయిన్స్ రాయడానికి అర్హత మాత్రమే ఇస్తాయి. ఉద్యోగాన్ని తేల్చేది మెయిన్స్. 2025లో దాన్ని కుదించి 155 ప్రశ్నలు, 200 మార్కులు, రెండు గంటలు చేశారు. అందులో ఆర్థిక, వర్తమాన విషయాల మీద 40 ప్రశ్నలకు 20 నిమిషాలిస్తారు. తెలిస్తే పెట్టాలి, లేదంటే ముందుకెళ్లాలి. ఆలోచించే వ్యవధి అక్కడ లేదు.

తప్పు జవాబుకు పావు మార్కు కోత. దీన్ని పిల్లలకు ఎట్లా చెబుతారో చూడాలనిపించింది. రీజనింగ్ చెప్పే మేడమ్ బోర్డు మీద రెండు వరుసలు రాసింది. అయిదు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెడితే, సగటున అయిదు ప్రశ్నల్లో ఒకటి తగులుతుంది, నాలుగు పోతాయి. వచ్చేది ఒక మార్కు, పోయేది నాలుగు పావులు, మిగిలేది సున్నా. అదే రెండు ఆప్షన్లు కచ్చితంగా తప్పని తేల్చుకోగలిగితే, మిగిలిన మూడింటిలో ఒకటి పెట్టడం లాభమే. మూడు ప్రశ్నలకు ఒక మార్కు వస్తుంది, అర మార్కు పోతుంది. “అందుకే గుడ్డిగా పెట్టొద్దు, భయపడి వదలొద్దు” అంది మేడమ్. నెగెటివ్ మార్కింగ్ అంటే వణికిపోయే పిల్లలకు ఇంతకన్నా ధైర్యం చెప్పే పాఠం నాకు కనిపించలేదు.

మేడమ్ క్లాసులో ఒక పజిల్ నడిచింది. గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిది మంది, కొందరు లోపలికి, కొందరు బయటికి చూస్తూ కూర్చున్నారు. ఎవరి కుడి పక్కన ఎవరు? దీని మీద అయిదు ప్రశ్నలు. పిల్లలు నోట్సులో చిన్న సున్నా చుట్టి, బాణం గుర్తులు వేసుకుంటూ పోతున్నారు. రెండు నిమిషాలు దాటాక మేడమ్ ఆపమంది. “ఎవరికి రాలేదు?” సగం చేతులు లేచాయి. “మంచిది. మీలో ఎంతమంది దీన్ని వదిలేసి పక్క ప్రశ్నకు పోయినారు?” మూడు చేతులే లేచాయి. ఆమె కోపగించింది పజిల్ రానివాళ్ల మీద కాదు, వదలనివాళ్ల మీద. “పజిల్‌కు అయిదు మార్కులుంటాయి, నిజమే. అది తేలకపోతే నాలుగు నిమిషాలు పోతాయి. ఆ నాలుగు నిమిషాల్లో ఇనీక్వాలిటీలు, సిలాజిజమ్‌లు కలిపి పది చేయొచ్చు.”

అక్కడే నాకు ఈ పరీక్ష స్వభావం అర్థమైంది. ప్రశ్నలు ఒక్కొక్కటిగా చూస్తే చాలావరకు పదో తరగతి స్థాయివే. గంటలో వంద చేయమనడంతోనే కష్టం మొదలవుతుంది. ఏది ముందు చేయాలో, దేన్ని ముట్టకూడదో చప్పున తేల్చుకునేవాళ్లే గట్టెక్కుతారు. మన చదువులు ఇది నేర్పవు. ప్రశ్నలన్నీ రాయాలి, స్టెప్పులన్నీ చూపాలి, తెలియకపోయినా ఏదో ఒకటి నింపాలి అని పదిహేనేళ్లు నేర్పి పంపుతాం. కోచింగులో మొదటి రెండు నెలలు గడిచేది ఆ అలవాటు మాన్పించడంలోనే.

సాయంత్రం కంప్యూటర్ ల్యాబులో మాక్ టెస్టు చూశాను. మౌస్ చప్పుడు తప్ప మరే చప్పుడూ లేదు. తెర మూలన గడియారం వెనక్కి నడుస్తుంటుంది. జవాబు పెట్టిన ప్రశ్న ఆకుపచ్చగా, చూసి వదిలింది ఎర్రగా, మళ్లీ చూద్దామనుకున్నది ఊదారంగులో కనిపిస్తాయి. పరీక్ష ముగిశాక పిల్లలు మార్కుల కన్నా ముందు చూసుకునేది ఎన్ని చేశాం, అందులో ఎన్ని ఒప్పు అన్నది. 85 చేసి 60 ఒప్పయినవాడి కన్నా 70 చేసి 64 ఒప్పయినవాడికే మార్కులు ఎక్కువొస్తాయి. మొదటివాడికి 53.75, రెండోవాడికి 62.5. ఈ లెక్క పిల్లల చేతే వేయిస్తారు.

ఆలూరు వైపు పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయితో మాట్లాడాను. నాన్న కౌలు రైతు. తెలుగు మీడియంలో డిగ్రీ. “లెక్కలు పట్టుకున్న్యా సార్. ఇంగ్లిషే భయం” అంది. క్లర్కు పరీక్షను తెలుగు సహా 13 ప్రాంతీయ భాషల్లోనూ రాయనివ్వాలని 2021 సెప్టెంబరులో కేంద్ర ఆర్థిక శాఖ నిర్ణయించింది. అంతకుముందు ఇంగ్లిష్, హిందీ మాత్రమే ఉండేవి. ఆ మార్పు ఇలాంటి పిల్లలకు నిజంగా మేలు చేసింది. అయినా ఇంగ్లిష్ విభాగం అట్లాగే ఉంది, అందులో కటాఫ్ దాటక తప్పదు. ఆ అమ్మాయి రోజూ ఇంగ్లిష్ పేపరులో ఒక సంపాదకీయం చదివి, తెలియని మాటలు వెనక పేజీలో రాసుకుంటోంది. నోట్సు తెరిచి చూపించింది. మొదటి పేజీల్లో పుటకు ముప్పై మాటలున్నాయి, ఈ మధ్యవాటిలో ఆరేడే.

ఉద్యోగాలు రాష్ట్రాల వారీగా ఉంటాయి. ఒక అభ్యర్థి ఒక రాష్ట్రానికే దరఖాస్తు పెట్టాలి, ఆ రాష్ట్ర భాష చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. 2025 నోటిఫికేషన్ వచ్చిన రోజున దేశం మొత్తం మీద చూపిన ఖాళీలు 10,277. ఏ రాష్ట్రంలో పోటీ తక్కువని లెక్కలేసి కన్నడ నేర్చుకుంటున్నవాళ్లూ ఇక్కడ కనిపించారు. బళ్లారి సరిహద్దు పల్లెల పిల్లలకు అది సులువే. ఇద్దరికి మార్కులు సమానమైతే వయసులో పెద్దవాళ్లకు ముందు చోటు. జనరల్ అభ్యర్థికి 28 ఏళ్లు దాటితే దారి మూసుకుపోయే పరీక్షలో ఇది సబబైన నియమమే.

బ్యాంకింగ్ అవేర్‌నెస్ చెప్పే పెద్దాయన ఆంధ్రా బ్యాంకులో పనిచేసి రిటైరైనవారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయిన సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు కాస్త తగ్గింది. ఆయన కాలంలో బ్యాంకు ఉద్యోగాలకు మనుషుల్ని ఎంపిక చేసే బోర్డులు, బీఎస్‌ఆర్‌బీలు, ఉండేవి. అవి 2001లో రద్దయ్యాక ఏ బ్యాంకుకు ఆ బ్యాంకే నోటిఫికేషన్ ఇచ్చేది. ఒక్కో దానికి ఒక డీడీ తీయాలి, ఒక్కో ఊరికి రైలెక్కాలి. 2011లో ఉమ్మడి పరీక్ష వచ్చాక ఆ బాధ తప్పింది. తర్వాత క్లర్కులకు ఇంటర్వ్యూ కూడా ఎత్తేశారు. “పల్లె పిల్లలకు అన్నిటికన్నా పెద్ద మేలు అదే” అన్నారాయన. కోటు వేసుకున్న నలుగురి ముందు కూర్చుని ఇంగ్లిష్ తడబడి, రాత మార్కులు బాగున్నా ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. సిఫారసుకు చోటులేని పరీక్ష కావడం వల్లనే కౌలు రైతు కూతురు దీని మీద నమ్మకం పెట్టుకోగలుగుతోంది.

2024 వేతన ఒప్పందంతో క్లర్కు పేరు కస్టమర్ సర్వీస్ అసోసియేట్‌గా మారింది. మొదటి మూల వేతనం 24,050 రూపాయలు, కరువు భత్యం వగైరా దానికి అదనం. చేరాక లోపలి పరీక్షలు రాసి ఆఫీసరు కావచ్చు.

వెళ్లే ముందు ఆఫీసు గదిలో చూసిన దృశ్యం ఒకటి మనసుకు పట్టింది. ఒక అబ్బాయి టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, అదీ వేరే స్పెల్లింగుతో ఉంది. హాల్‌టికెట్ మీది పేరూ గుర్తింపు కార్డు మీది పేరూ అచ్చంగా ఒకటే కాకపోతే పరీక్ష గదిలోకి రానివ్వరు. ఏడాది చదివిన చదువు గేటు దగ్గర ఆగిపోతుంది. గుమస్తా ఓపిగ్గా వాణ్ని మీసేవకు, ఆధార్ కేంద్రానికి ఏ కాగితాలతో వెళ్లాలో రాసిచ్చి పంపాడు. దరఖాస్తులో పెట్టాల్సిన డిక్లరేషన్ సొంత చేతిరాతతో ఇంగ్లిష్‌లో ఉండాలి, అన్నీ పెద్దక్షరాల్లో రాస్తే చెల్లదు. అక్కడా ఏటా కొందరు దెబ్బతింటున్నారట.

డిగ్రీ కాలేజీల వాళ్లకు నా విన్నపం ఒకటే. రెండో సంవత్సరం నుంచే వారానికి రెండు గంటలు ఈ లెక్కలు, రీజనింగ్ చెప్పించండి, ల్యాబులో నెలకొక మాక్ టెస్టు పెట్టించండి. హాస్టలు ఖర్చు భరించలేక ఊళ్లోనే ఆగిపోయిన పిల్లలకు అంతకుమించిన సాయం లేదు. తల్లిదండ్రులూ ఏ కోచింగుకైనా ఫీజు కట్టే ముందు ఐబీపీఎస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే నోటిఫికేషన్‌ను పిల్లల చేత పూర్తిగా చదివించండి. పరీక్షల క్యాలెండరు ఏటా జనవరిలో అక్కడే పెడతారు. మీ అబ్బాయి, మీ అమ్మాయి పేర్లు టెన్త్ సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో ఒకేలా ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి.