మా చేతివ్రాత పత్రిక

పిల్లలూ, మీరు కథలు వ్రాస్తారా? వ్రాసినది ఎవరికి చూపిస్తారు?

నేను కొత్తచెరువులో చదువుకునే రోజుల్లో మా తెలుగు అయ్యవారు ఒక సంగతి చెప్పారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల "బాల" పత్రికలో 1945లో ముళ్లపూడి వెంకటరమణగారి మొదటి కథ అచ్చయింది. అప్పుడు ఆయనకు 14 ఏళ్లే!

ఇంకేం, మేము అయిదుగురం కలిసి చేతివ్రాత పత్రిక పెట్టాము. నెలకు ఒకటే ప్రతి. అది ఇంటింటికీ తిరిగేది. చదివినవారు చివరి తెల్లకాగితం మీద తమ అభిప్రాయం వ్రాయాలని నియమం.

నా మొదటి కథలో గలగల పారే నది, మామిడితోపు, పడవ నడిపే తాత ఉన్నారు. మెప్పు వస్తుందని ఎదురుచూశాను. ఒక స్నేహితుడు ఇలా వ్రాశాడు: "మన చిత్రావతిలో ఇసుక తప్ప పడవ యాడుంది? మీ నాయన చెనిక్కాయలు విత్తి, వానకోసం పైకి చూస్తాండాడు. అది రాయలేదే?"

నాకు ఏడుపు వచ్చింది. రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. (మూడోనాడు గోలీలాటకు మనిషి తక్కువై మాట్లాడాననుకోండి!) కాని వాడన్నది నిజమే. మా ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 55 సెంటీమీటర్ల వాన. అదీ సమయానికి రాదు.

ఒక రాత్రి నాయన పక్కన కూర్చుని సేద్యం సంగతులు అడిగాను. విత్తనం ఎంత లోతున వేయాలో, మొలక ఎన్నాళ్లు ఎండకు ఓర్చుకుంటుందో చెబుతూ చెబుతూ, ఒక ఏడు పంట పోయి అమ్మ కమ్మలు తాకట్టు పెట్టానని చెప్పి ఊరుకున్నాడు. అంతవరకు అది నాకు తెలియదు. నాయనను అడిగి, మరుసటి నెల అదే వ్రాశాను.

ఈసారి తెల్లకాగితం మీద ఆ స్నేహితుడు వ్రాసినది ఒక్క ప్రశ్నే: "కమ్మలు విడిపించినారా?"