అమ్మీ వేలు

అబ్బా ఇంతెఖాల్ అయ్యాక ఇద్దత్‌లో ఉన్నన్నాళ్ళూ అమ్మీది ఒకటే సవాల్. "ఉన్‌కు లేలియా, మేరేకు కైకు ఛోడ్‌దియా అల్లా?"

2021 రంజాన్ అది. సెకండ్ వేవ్ జోరు మీదున్న రోజులు. ఇద్దరికీ ఒకే ఇంట్లో, ఒకే వారంలో కరోనా వచ్చింది. అబ్బా పోయారు. అమ్మీ మిగిలింది. బతికుండటమే గునా అయినట్టు తలొంచుకుని తస్బీ తిప్పుతూ కూచునేది.

"తక్దీర్ అమ్మీ" అన్నాను. ఆ మాట సబర్ ఇస్తుందేమోగానీ సవాల్‌కి జవాబు కాదు. అందుకే చదవడం మొదలుపెట్టాను.

దాదాపు అన్ని దేశాల్లోనూ కరోనా ఆడవాళ్ళకంటే మగవాళ్ళనే ఎక్కువ తీసుకెళ్ళింది. ఐసీయూ దాకా వెళ్ళినవాళ్ళలోనూ మగవాళ్ళే ఎక్కువ. కారణాలు చాలా చెప్తారు. ఆడవాళ్ళకి ఎక్స్ క్రోమోజోములు రెండు, మగవాళ్ళకి ఒకటే. వైరస్‌ని పసిగట్టే జీన్ ఒకటి, టీఎల్ఆర్7, ఆ ఎక్స్ మీదే ఉంటుంది. దానికి తోడు పొగ తాగే అలవాటు, గుండె జబ్బులు మగవాళ్ళలో ఎక్కువ. మా అబ్బాకి షుగర్. ముప్ఫై ఏళ్ళ బీడీ.

ఇదంతా అమ్మీకి చెప్పాను. "నీ తప్పేం లేదు అమ్మీ, ఒంటి తీరే వేరు" అన్నాను. కాస్త తేలికపడ్డట్టే కనిపించింది.

నాకే తేలిక కాలేదు. ఎందుకంటే మన దేశం లెక్క కూడా చదివాను. 2020 మే నెల దాకా చూస్తే కేసుల్లో దాదాపు మూడింట రెండొంతులు మగవాళ్ళే. మౌత్‌లూ వాళ్ళవే ఎక్కువ. కానీ పాజిటివ్ అని తేలినవాళ్ళలో ఎందరు పోయారని చూస్తే మగవాళ్ళు 2.9 శాతం, ఆడవాళ్ళు 3.3 శాతం. అసలు టెస్ట్ దాకా వెళ్ళిన ఆడవాళ్ళు ఎందరు? ఎంత ముదిరాక వెళ్ళారు?

ఇంకా వెనక్కి, 1918కి వెళ్ళాను. ఆ ఏడు ఇన్‌ఫ్లూయెంజా బొంబాయిలో దిగి దేశమంతా పాకింది. కోటిమందికి పైగా పోయారు. బొంబాయి ప్రెసిడెన్సీ, సెంట్రల్ ప్రావిన్సెస్ బాగా దెబ్బతిన్నాయి, బెంగాల్‌లో అంత లేదు. అమెరికాలో మగవాళ్ళు ఎక్కువ పోతే ఇక్కడ ఉల్టా, ఆడవాళ్ళు ఎక్కువ పోయారు. ఒంట్లో బలానికి తక్కువ తిండి, ఇంట్లో బీమార్లందరి ఖిద్మత్ వాళ్ళదే. ఒంటి తీరు ఒక్కటే అయితే దేశానికో రకంగా ఎందుకుంటుంది?

అది చదివినప్పుడు మా ఇల్లు గుర్తొచ్చింది. అబ్బా వేలికి పూటకి మూడుసార్లు ఆక్సీమీటర్ పెట్టి నోట్‌బుక్‌లో రాశాం. అమ్మీ అదే జ్వరంతో లేచి మాకు సహరీ వండింది, అబ్బాకి గంజి కాచింది, బట్టలు ఉతికింది. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ ఉంది. అందులో అమ్మీ పేరు ఒక్కసారి కూడా లేదు.

ఆమెని అల్లా కాపాడాడు. మేం మాత్రం చూడనైనా చూడలేదు.

ఇప్పుడు ఇంట్లో ఎవరు దగ్గినా ఆ మిషన్ ముందు అమ్మీ దగ్గరికి తీసుకెళ్తాను. "మేరేకు క్యా హువా రే, నక్కో" అని చెయ్యి కొంగులో దాచుకుంటుంది. పట్టుకుని పెడతాను. అంకె కనిపించేదాకా వదలను.