దుంప దిగే దారి

రెండుగా చీలిన క్యారెట్‌ను చూసి విత్తనాన్ని తప్పుపడతాం. కానీ తల్లివేరు కొన రాయికో గట్టి పెళ్లకో తగిలి దెబ్బతింటే పక్కవేళ్లు ఊరతాయి. ఆ వంకరలో నేల లోపలి సంగతే కనిపిస్తుంది. అందుకే దుంపకూరల మడికి బలం కన్నా ముందు కావలసింది చోటు: రాళ్లు ఏరి, అడుగు లోతున గుల్లచేసిన మట్టి. నల్లరేగడిలో ఇసుక కలిపితే చాలదా అంటారు. కొద్దిపాటి ఇసుక బంకమట్టిలో కూరుకుపోయి దాన్ని మరింత గట్టిపరచవచ్చు. బాగా మాగిన పశువుల ఎరువు, ఆకుల ఎరువు అలా కాదు. మట్టిరేణువులను చిన్న గుళికలుగా కూర్చి, నడుమ గాలికీ నీటికీ తావు విడుస్తాయి. పచ్చి ఎరువు మాత్రం వద్దు, నత్రజని ఎక్కువైతే ఆకే ఏపుగా పెరుగుతుంది. ఇదంతా ఒక్క పంటకాలంలో తేలే పని కాదు, నిజమే. వానపాములకూ తొందర లేదు. అవి తొలిచిన సన్నని దారుల్లో, ఎవరూ చూడని చీకట్లో, ముల్లంగి తెల్లగా కిందికి దిగుతుంది.