అమ్మీ రేడియో, బాగె-ఆమ్ గానా

అబ్బా ఇంతెఖాల్ అయినప్పటి నుంచి అమ్మీ గడప దాటింది దవాఖానాకు, లేదంటే ఎవరింట్లోనైనా మయ్యత్ అయితేనే. ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు ఎప్పుడో పూర్తయ్యాయి. అయినా ఎక్కడికి పిలిచినా "అబ్ కాఁ జాతుఁ బేటా" అనేది.

మే నెలలో ఒక సాయంత్రం కరెంటు పోయి కూలర్ ఆగింది. "గాలికి పోదాం పద అమ్మీ" అని ఆటో ఎక్కించాను. బాగ్‌లో గానా ఉందని మాత్రం చెప్పలేదు. ప్రవేశం ఉచితమని మా పత్రికాఫీసుకి కాయితం వచ్చింది. చెబితే రాదని నా భయం.

బోర్డు మీద పబ్లిక్ గార్డెన్స్ అని ఉంటుంది గానీ మన బుజుర్గులకు అది ఇప్పటికీ బాగె-ఆమే. ఆమ్ అంటే అందరిదీ. అసెంబ్లీ అక్కడే, మ్యూజియం అక్కడే, జూబ్లీ హాలు అక్కడే, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కట్టించిన షాహీ మసీదూ అక్కడే.

మేం వెళ్లేసరికి స్టేజీ మీద "హలో, చెక్" అంటున్నారు. ఇంతలో మసీదు నుంచి మగ్రిబ్ అజాన్. మైకు దానంతటదే ఆగిపోయింది. అమ్మీ బ్యాగులోంచి జానమాజ్ తీసి చెట్టు కింద పరిచింది. నేను మసీదుకి వెళ్లొచ్చేసరికి తస్బీహ్ తిప్పుతూ స్టేజీ వైపే చూస్తోంది.

"గానానా?"

"హాఁ అమ్మీ. వెళ్లిపోదామా?"

"వచ్చాం కదా, కూర్చో."

ఉచితం అంటే తెలుసుగా, ముందు ఉపన్యాసాలు భరించాలి. శాలువాలు, పూలదండలు, ఫొటోలు. ముక్కాలు గంట తర్వాత హార్మోనియం పలికింది. ఒక గజల్, ఆ తర్వాత ఒక తెలుగు పాట, మళ్లీ గజల్. పగలంతా కాగిన నేల మీద గాలి మెల్లగా తిరిగింది.

మా ఇంట్లో అబ్బాకి గానా బజానా పడేది కాదు. నాత్ అయితే సరే, సాజ్ వద్దనేవారు. అమ్మీ బావర్చీఖానాలో బియ్యం డబ్బాల మధ్య చిన్న రేడియో పెట్టుకుని, చెవి ఆనించి వినేది. ఆకాశవాణి హైదరాబాద్ ఉర్దూ ప్రోగ్రాం 'నైరంగ్' అంటే ఆమెకు ప్రాణం. 1971లో పద్మశ్రీ అందుకున్న మన కవ్వాల్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ పాడుతుంటే చపాతీ పెనం మీదే మాడేది. గుమ్మంలో అబ్బా దగ్గు వినపడగానే రేడియో బంద్. కాపలా ఉండేది నేనే. ఆ ఆకాశవాణి ఈ బాగ్‌కి దగ్గర్లోనే ఉంది. అమ్మీ ఇన్నేళ్లలో ఇటు రాలేదు.

"అమ్మీ, అబ్బాకి తెలియకుండా రేడియో వినేదానివి, గుర్తుందా?"

అమ్మీ నావైపు జాలిగా చూసింది. "పాగల్. దానికి సెల్లులు ఎవరు తెచ్చేవాళ్లనుకున్నావు?"

నాకు మాట రాలేదు. ఆ దగ్గు నేనొస్తున్నానని చెప్పడానికేనని నలభై దాటాక తెలిసింది.

పక్కన కూర్చున్న ఒకామె అమ్మీ వైపు వంగింది. "అమ్మా, ఇందాకట్నుంచి ఇంతెజార్ అంటున్నడు. అంటే ఏంది?"

తెలుగులో డిగ్రీ చేసిన నేను 'నిరీక్షణ' అని చెప్పబోయాను. తెలుగు అక్షరం చదవడం రాని అమ్మీ నాకంటే ముందే అందుకుంది. "ఎదురు చూసుడు. వస్తరని కూసునుడు. రారని తెలిసినా కూసునుడు."

ఆమె అమ్మీ చెయ్యి పట్టుకుంది. ఆమె ఎవరి కోసం ఎదురు చూస్తోందో మేం అడగలేదు.

అప్పుడే భాయీజాన్ ఫోన్. "అమ్మీని ఎక్కడ తిప్పుతున్నావు? లోగ్ క్యా బోలేంగే?" అమ్మీ ఫోన్ లాక్కుంది. "నమాజ్ అయింది. గానా వింటున్నా. పెట్టెయ్."

ఇషా వేళకు లేచాం. ఆటోలో అమ్మీ ఏదో కూనిరాగం తీసింది. బియ్యం డబ్బాల దగ్గర కూడా ఆమె పాడగా నేనెప్పుడూ వినలేదు. మా గల్లీ మలుపు తిరిగే దాకా ఆపలేదు.

గానా జాయెజా కాదా అనే బహస్ నేనిక్కడ పెట్టను, అది ఉలమాలకు వదిలేస్తాను. ఈ వేసవిలో మీ ఊరి పార్కులో ఇలాంటి మహఫిల్ ఏదైనా ఉంటే మాత్రం అమ్మీని తీసుకెళ్లండి. ఓ జానమాజ్, నీళ్ల సీసా చాలు. ఆమె ఏం విందో, ఎవరికీ చెప్పకుండా ఎన్నేళ్లు విందో అడగండి.