ముల్లు తప్పా, కొలత తప్పా?

యంత్రములు అబద్ధమాడవని మేము తరగతిలో పలుమారు చెప్పియున్నాము. ఆ మాట ఎంతవరకు నిజమో మాకు నేర్పినది ఒక పాత మోటారుబండి. అది నేర్పిన విధమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

మా మిత్రులొకరు రైల్వేలో పనిచేసి విశ్రాంతి గైకొన్నవారు. వారియొద్ద తమ తండ్రిగారినాటి ఇంగ్లీషు బండి యొకటి కలదు. ఇద్దరు మాత్రమే కూర్చుండదగినది. పైకప్పు వెనుకకు మడుచునది. 1960వ దశాబ్దములో ఇంగ్లండునందలి ఆబింగ్డను, కోవెంట్రీ పట్టణములలో ఇట్టి పరుగుబండ్లు తయారగుచుండెను. శనివారము ఉదయమున దానిని తుడిచి, భీమునిపట్టణపు తోవలో నొకసారి త్రిప్పి తెచ్చుట మా మిత్రుల వాడుక.

గత సంవత్సరము ఒకనాడు మా పాఠశాల చెంత ఆ బండికి సైకిలుపై వచ్చుచున్న బాలుడొకడు అడ్డుపడెను. బ్రేకు త్రొక్కినను బండి అనుకొన్నచోట నిలువక, బాలునికి మూరెడు దూరమున ఆగెను. దేవుని దయవలన వానికి దెబ్బ తగులలేదు. మిత్రులు వణకుచు మాయొద్దకు వచ్చి, "మాస్టారూ, ముల్లు ముప్పై మైళ్లే చూపిందండీ. ముప్పైలో ఆగని బండి కాదిది" అనిరి. వారి మనుమరాలు మా తొమ్మిదవ తరగతి విద్యార్థిని. ఆమె తన చేతి ఫోను చూపి, "తాతయ్యా, ఇందులో అరవైనాలుగు కిలోమీటర్లు చూపింది" అనెను. అనగా గంటకు నలువది మైళ్లు! వేగము ముప్పదినుండి నలువదికి పెరిగినచో, బ్రేకు పట్టిన పిదప బండి పరుగెత్తు దూరము తొమ్మిదికి పదునారు పాళ్లగునని పాఠములో చెప్పుచునే యున్నాము. ఆనాడు దానిని కన్నులార చూచితిమి.

శిక్షణ కళాశాలలో భౌతికశాస్త్ర బోధన నేర్చినవారము గావున, వెంటనే తీర్పు చెప్పితిమి. ఇట్టి మీటరు పద్ధతికి ఓటో షుల్ట్సే యను ఇంజనీరు 1902లో జర్మనీలో పేటెంటు పొందెను. గేరుపెట్టెనుండి వచ్చు తీగ మీటరులోని అయస్కాంతమును త్రిప్పును. దానికి తగులకుండ అల్యూమినియము గిన్నె యొకటి యుండును. తిరుగు అయస్కాంతము గిన్నెలో విద్యుత్ప్రవాహములను పుట్టించి, దానిని తనవెంట లాగును. సన్నని స్ప్రింగు వెనుకకు లాగును. రెండు లాగుళ్లు సరితూగినచోట ముల్లు నిలుచును. "బండి ముసలిదైనది. అయస్కాంతము బలము తగ్గినది. మీటరు విప్పించి బాగుచేయింపుడు" అంటిమి. మిత్రులు మా మాట నమ్మి, మీటరును దూరదేశమునకు పంపుటకు సిద్ధపడిరి. దానికగు ఖర్చు వారి పింఛనుకు మించినది.

ఆ మరునాడు మనుమరాలు మమ్ము సమీపించి, "మాస్టారూ, మైళ్ల లెక్క కూడా తక్కువే చూపుతోందండీ. ఆ అంకెల్ని తిప్పేది పళ్లచక్రాలు కదా! వాటికీ అయస్కాంతానికీ ఏం సంబంధం?" అని అడిగెను. మాకు సమాధానము తోచలేదు. తీర్పు చెప్పుటకు పూర్వము చూడవలసినదానిని మేము చూడలేదని సిగ్గుపడితిమి.

అంతట మువ్వురము పరీక్షకు పూనుకొంటిమి. భీమునిపట్టణపు తోవలో కిలోమీటరు రాళ్లనుబట్టి 16 కిలోమీటర్లు పోయితిమి. అది ఇంచుమించు 10 మైళ్లు; మీటరు ఏడున్నర మాత్రమే చూపెను. ముల్లును, మైళ్ల లెక్కయు ఒకే పాళ్లలో తగ్గినవి గావున, దోషము అయస్కాంతమునది కాదు. తీగ ఎండినను, మెలిపడినను ముల్లు ఊగులాడును. ఇచ్చట ముల్లు నిలకడగా నున్నది. తీగ తెగినచో రెండును నిలిచిపోవును. టైర్ల కొలత బండి పుస్తకములోని కొలతతో సరిపోయెను. ఇక మిగిలినది తీగ చుట్ల లెక్క. మీటరు ముఖముపై, క్రింది భాగమున, చిన్న అంకెలలో 1280 అని యుండెను. మైలుకు తీగ 1280 చుట్లు తిరిగిననే ఆ మీటరు నిజము చెప్పునని దాని భావము.

తీగను మీటరునుండి విడదీసి, దాని కొనకు కాగితపు జెండా నంటించితిమి. మైలులో నూరవ వంతు, అనగా 52 అడుగుల 9.6 అంగుళములు, నేలపై సుద్దతో గుర్తించి, బండిని మెల్లగా త్రోసితిమి. జెండా తొమ్మిదిన్నర చుట్లకు కొంచెము మించి తిరిగెను. మూడుమారులు చూచినను 9.6 చుట్లే వచ్చెను. అనగా మైలుకు 960. దానిని 1280తో భాగించిన సరిగా ముప్పాతిక! పూర్వము బండిని బాగుచేసిన వారెవరో వేరొక బండి మీటరును దీనికి తగిలించిరి. ముల్లు తప్పు చేయలేదు. పరుల కొలతతో దానిని కొలువబెట్టిరి. 960 అంకెగల మీటరు దొరకువరకు, "ముల్లు చూపినదానికి మూడవ వంతు కలుపుము" అని చీటి వ్రాసి ఆ బాలికయే బండిలో అంటించెను.

ఆ రాత్రి మార్కుల పుస్తకము విప్పితిమి. ఎనిమిదవ తరగతివరకు తెలుగులో చదివి, ఈ యేడు మా ఇంగ్లీషు తరగతిలో చేరిన బాలునిపేరునకు ఎదురుగా, "శ్రద్ధ లేదు" అని మా చేతివ్రాతయే యుండెను. మరునాడు వానిని పిలిచి, అవే ప్రశ్నలు తెలుగులో నడిగితిమి. పదింటికి ఎనిమిదింటికి తడబడక చెప్పెను. ఆ మాటను కొట్టివేసి, "ఇంగ్లీషులో సాయము కావలెను" అని వ్రాసి, సాయంకాలము అరగంట వానికి కేటాయించితిమి.

విద్యార్థులారా, ముల్లు తక్కువ చూపినప్పుడు ముల్లును నిందింపకుడు. దాని ముఖముపైనున్న చిన్న అంకెను ముందుగా చదువుడు. ఉపాధ్యాయులమైన మాకును ఆ పాఠము అవసరమే యని ఒప్పుకొనుచున్నాము.